తూకం సారు మూసల ఎంపిక

మా ఆఫీసులో అతన్ని వెనకాల అందరూ తూకం సారు అనేవారు. ఎదురుపడితే ఉత్త సారు. ఏది కొనాలన్నా, ఏ పని మొదలుపెట్టాలన్నా అతను తూచేవాడు. కళ్లజోడు కాడ విరిగితే, కొత్త ఫ్రేముల ధరలూ బరువులూ పోల్చి చూస్తూ, విరిగినదానికే టేపు చుట్టుకుని ఒక వేసవంతా తిరిగాడు. దీన్ని అతను జాగ్రత్త అనుకునేవాడు. ఎప్పటికీ ఏదీ ఎంచకపోతే ఎవరూ తప్పు పట్టలేరన్నది అతను జీవితంలో కనిపెట్టిన ఒకే ఒక్క రహస్యం.

ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ మాది. ప్రోగ్రామర్లు చేసిన ప్రతి మార్పునూ తీసుకుని, పరీక్షించి, బాగుంటే ముందుకు పంపే సర్వర్ ఒకటి ఉండేది. అది చేసే ఒక్కో పనినీ జాబ్ అంటారు. అలాంటివి మా దగ్గర వందలకొద్దీ పోగయ్యాయి. అన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటి చేత్తో చేసినవే. చిన్న చిరునామా మారినా సరే, ఒక్కో జాబ్ తెరిచి, దిద్ది, సేవ్ చేసి, ఇంకోటి తెరవాలి. ఈ చాకిరీ అంతా తూకం సారు మరదలి నెత్తిన పడింది. మరదలంటే అతని భార్యకు చెల్లెలు, మా టీమ్‌లోనే పని. ఆమెకు అతను ఇంట్లో బావగారు, ఆఫీసులో సారు.

ఈ జబ్బుకు మందు లేకపోలేదు. జాబ్ ఎలా ఉండాలో ఒక్కసారి మూస రాసి పెడితే, దాన్నిబట్టి జాబ్‌లన్నిటినీ తయారుచేసే టూల్స్ ఉన్నాయి. మాకు పనికొచ్చేవి రెండు. ఒకదాంట్లో మూసను మామూలు పట్టీలాగా వరసలుగా రాసుకోవచ్చు. సులువే, కానీ వరస ముందు ఖాళీ కాస్త అటూ ఇటూ అయిందా, కొంప మునిగినట్టే. రెండోదాంట్లో మూసను చిన్న ప్రోగ్రామ్‌లాగా రాయాలి. దాంతో ఏదైనా చేయొచ్చు, నేర్చుకునేసరికి మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఏదో ఒకటి తేల్చమని మేనేజరు తూకం సారుకు అప్పజెప్పాడు. మనుషుల్ని ఎంచడంలో మేనేజరుది కూడా అంత గొప్ప చెయ్యే.

సారు మురిసిపోయాడు. మీటింగులు మొదలయ్యాయి. మొదటి మీటింగులో ఏ టూల్ మంచిదన్న ఊసే లేదు. అసలు మంచిదంటే ఏమిటో చర్చించేసరికే భోజనాల వేళ దాటిపోయింది. తర్వాత రెండిటికీ మార్కులు వేయించాడు. సమానంగా వచ్చాయి. అలా వచ్చేదాకా అతను వాటిని సర్దుతూ కూర్చోవడం మేమంతా చూశాం. మేనేజరుకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గనక చాలా లోతుగా ఉందన్నాడు.

"ఏదో ఒకటి అనండి సార్, వేళ్లు పడిపోతున్నాయి," అంది మరదలు.

"తొందరపడితే రేపు బాధపడేది మనమే కదమ్మా."

"ఇవాళ బాధపడేది నేనొక్కదాన్నే సార్."

సారు నవ్వి, ఆ మాటను కూడా రాసుకున్నాడు. వాడేవాళ్ల అభిప్రాయం అనే గడి ఒకటి ఖాళీగా ఉండిపోయిందట.

అలా నాన్చుతుండగానే, కోడ్ దాచుకునే సర్వర్ చిరునామా మారింది. పొద్దున్నే వచ్చి చూస్తే తెర మీద జాబ్‌లన్నీ ఎర్రగా ఉన్నాయి, అంటే ఒక్కటీ నడవడం లేదు. మరదలు తిన్నగా సారు టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"పట్టీ టూలా, ప్రోగ్రామ్ టూలా? ఒక్క మాట చెప్పండి."

"అదే చూస్తున్నాను. రెండిటినీ కలిపి వాడే మార్గం ఏదైనా ఉంటే..."

ఆమె మిగతాది వినలేదు. వెనక్కి వచ్చి పట్టీ టూల్ పెట్టేసింది. బాగా చదివి, ఆలోచించి కాదు. దాని సూచనలు పొట్టిగా ఉన్నాయి, అంతే. మూసలో కొత్త చిరునామా రాసి నడిపితే, సాయంత్రానికి ఆమె జాబ్‌లన్నీ ఆకుపచ్చగా మారాయి. సారు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"దీన్ని నిర్ణయం అనరు. దుడుకుతనం అంటారు."

వారం తిరక్కుండానే ఒక వరస ముందు ఖాళీ తప్పింది, సగం జాబ్‌లు మాయమయ్యాయి. ఆ సంగతి సూచనల్లో హెచ్చరించే ఉంది, ఆమె చదవలేదు. సారు టీ కప్పు పట్టుకుని పెళ్లికి వచ్చినంత సంబరంగా వచ్చాడు.

"చూశావా? నేను చెప్తూనే ఉన్నాను."

"మీరు ఏమీ చెప్పలేదు సార్. మీతో వచ్చిన తంటా అదే."

వరసను సర్దుకుని మళ్లీ నడిపింది. అతని టీ చల్లారేలోపు జాబ్‌లన్నీ తిరిగొచ్చాయి. అయినా ఆమె మొహం ఎర్రబడింది. తన తప్పును టూల్ మీదికి నెట్టి ఆ రోజంతా దాన్ని తిట్టుకుంది. చూడ్డానికి అదీ ఏమంత బాగాలేదు.

నెలాఖరు మీటింగ్‌లో సారు లేచి, లోతైన పరిశీలన తర్వాత తాను పట్టీ టూల్‌ను సిఫార్సు చేస్తున్నానన్నాడు. మరదలు చెయ్యెత్తింది.

"దీన్ని సారు ఎంచలేదండీ. నిజానికి నేనూ ఎంచలేదు. చేతికందింది, పెట్టాను. సారు చూస్తూ కూర్చున్నారు."

"సరే సరే, అంతా టీమ్ పనే కదా," అని మేనేజరు నీళ్లు చల్లాడు. ఆ తర్వాత, కంపెనీ మొత్తానికి టూల్స్ ఎంచే పెద్ద పదవి ఇచ్చి తూకం సారును పై అంతస్తుకు పంపాడు. అక్కడ అతని నిర్ణయాల కోసం ఇప్పుడు అన్ని టీములూ ఎదురుచూస్తున్నాయి.

మరదలు కొన్నాళ్లు అక్కగారింటికి వెళ్లడం మానేసింది. చివరికి అక్కే వచ్చింది.

"నలుగురిలో ఆయన్ని అంత మాట అనాల్సింది కాదే. అప్పట్నుంచీ సరిగ్గా అన్నం కూడా తినడం లేదు."

"తినాలా వద్దా అని చూస్తున్నారేమో."

అక్క కోపంగా మొహం పెట్టింది. అంతలోనే పెదవులు అదిరి, నవ్వు ఆగక చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వినందుకు తనను తానే తిట్టుకుని, చెల్లెల్ని ఇంకో రెండు తిట్టి, ఆయన వచ్చే వేళైందంటూ చెప్పులేసుకుంది.