పెద్దోళ్ల వైను

ఈ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. మీకైతే చెప్పగలను. మీరు మా అత్తమ్మకు చేరవేయరు కదా.

మాది కేజీఎఫ్. గనులు మూతపడ్డాక కూడా కార్మికుల కోసం వరసగా కట్టిన ఆ పాత లైను ఇంట్లోనే ఉంటున్నాం. క్రిస్మస్‌కు అత్తమ్మ మంచం కింద జాడీలో ద్రాక్ష వైను పెట్టేది. పిల్లలకు చుక్క కూడా పోసేది కాదు. అందుకే అప్పటికి నాలుగేళ్లున్న మా స్టెల్లాకు లోకంలో దాన్ని మించిన కోరిక లేదు.

ఆ డిసెంబరులో దానికి దగ్గు. మందు అంటే చాలు, పళ్లు బిగబట్టేది. నేను తెలివైనదాన్ని కదా, ఎర్రటి సిరప్పు చెంచాలో పోసి, "ఇది మందు కాదే, పెద్దోళ్ల వైను," అన్నాను. గుటుక్కున మింగి చెంచా నాకింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఉన్న ఆశకు నేనే దారి చూపించానని అప్పుడు తట్టిందా? తట్టలేదు. సీసాను మూత కూడా సరిగ్గా బిగించకుండా కిటికీ గట్టు మీద వదిలేశాను.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి స్టెల్లా వంటింట్లో తూలుతూ, గ్యాస్ సిలిండరుకు "హ్యాపీ క్రిస్మస్" చెబుతోంది. మా ఆయన దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగు. వెనక అత్తమ్మ. ఆ వెనక నేను, ఖాళీ సీసా కొంగులో దాచుకుని.

"ఏం తాగినావు పాపా?" అని డాక్టరమ్మ అడిగింది.

"వైను. ఇంగా కావాల."

మా ఆయన అత్తమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, జాడీ మూతి కట్టినావా లేదా?"

"కట్టినట్టే గ్యాపకమప్పా... ముసల్దాన్ని, మరిచిపోయినానేమో."

నిజం చెప్పాను, డాక్టరమ్మ చెవిలో మాత్రమే. చెప్పకపోతే వైద్యం తప్పేది. అంత పాపానికి ఒడిగట్టలేకపోయాను. బిడ్డ రోజంతా నిద్రపోయి, లేచి ఆకలంది. ఆ సంతోషంలో మిగతావాళ్లకు చెప్పడం మరిచిపోయానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరుపేమిటి, నా మొహం. భయం.

ఇంటికొచ్చి గుడ్డ ఊడిన జాడీ చూసి, అత్తమ్మ వైనంతా తూములో పోసేసింది. లైను లైనంతా ఏడ్చినంత పని చేసింది. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

ఇప్పుడు చర్చిలో చిన్న తల్లులకు జాగ్రత్తలు చెప్పేది ఎవరనుకున్నారు? నేనే. మందును మందనే చెప్పండి, పిల్లలకు అందని చోట పెట్టి తాళం వేయండి అంటాను. అందరూ అత్తమ్మనే చూస్తారు. ఆమె తల దించుకుంటుంది. నాకు టీ, కేకు ఇస్తారు. సిగ్గు లేకుండా తింటాను.

ఆమెకు మాత్రం తన మతి మీద నమ్మకం పోయింది. గ్యాస్ కట్టేసి కూడా, "నాకు గ్యాపకం ఉండదు, నువ్వొకతూరి చూడమ్మా," అంటుంది. వెళ్లి చూస్తాను. ప్రతిసారీ కట్టేసే ఉంటుంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ రోజు బిడ్డకు బట్టలు తేవడానికి నేనే ముందు ఇంటికొచ్చాను. మంచం కింద జాడీ చూశాను. మూతికి గుడ్డ బిగించి, ముడేసే ఉంది.

ఆ ముడి విప్పింది నేను. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది.