గంజి కుండల మధ్య ముంత

ఆ కల్లు ముంత నాది. ఈ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఇప్పుడు బెజవాడలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా ఉన్నాను. ఊళ్ల నుంచి వచ్చిన నేత చీరల మూట విప్పినప్పుడల్లా పులిసిన గంజి వాసన గుప్పున కొడుతుంది. పక్కవాళ్లకు అది కొత్త బట్ట వాసన. నాకు మాత్రం నాంచారయ్య బాబాయి ఎదురుగా కూర్చుని, "నీ మాట చెప్పరా" అని అడుగుతున్నట్టు ఉంటుంది. ఆయన్ను ఎన్నడూ చూడని వాళ్లకైనా సరే, జరిగింది జరిగినట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కూచిపూడికి రెండు కోసుల దూరంలో మా నేతగాళ్ల వీధి. నాంచారయ్య గారు నాకు వీధి వరసన బాబాయి. మంచి నేతగాడు, ఒకప్పుడు పేరుమోసిన తాగుబోతు. మానేసి పదేళ్లయినా, దీపాలు పెట్టే వేళకు కాళ్లు కల్లు దుకాణం వైపే లాగుతాయని ఆయనే చెప్పేవాడు. ఆ గంట దాటితే ఆ రోజు గడిచినట్టే. అందుకని ఆ గంటసేపు తన మగ్గం సావిట్లో మమ్మల్ని నలుగురు తాగుబోతులను కూర్చోబెట్టుకునేవాడు. చేతులు ఖాళీగా ఉండకూడదని రాట్నాలిచ్చి కండెలకు నూలు చుట్టించేవాడు. అది మా ఇళ్లలో ఆడవాళ్ల పని. దుకాణానికి పోయేవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూసి, "గాజులేసుకోలేదేమమ్మా?" అని వెక్కిరించేవారు. మాలో పేరయ్య నోటికి అడ్డు లేదు. "ఉన్న గాజులు నువ్వు తాగేశావుగా బావా, ఇంకెక్కణ్ణించి తెచ్చేది?" అనేవాడు.

నూలు చుడుతూ ఒక్కొక్కరం ఆ రోజు సంగతి చెప్పుకోవాలి. తాగితే తాగానని, లేకపోతే లేదని. తాగానన్నవాణ్ణి ఎవరూ తిట్టేవారు కాదు. మజ్జిగ ఇచ్చి, ఏ వేళకు మనసు లాగిందో, ఎవరు పిలిచారో అడిగేవారు. కట్టుబాటు ఒక్కటే: ఎవరి మాట వాళ్లే చెప్పాలి, ఒకరి సంగతి మరొకరు బయటపెట్టకూడదు. "పట్టుకుని కక్కిస్తే వాడు రేపు ఇంకా బాగా దాచడం నేర్చుకుంటాడు. దానంతట అది రావాలి" అనేవాడు బాబాయి.

నేను మంచివాణ్ణి కావాలని అక్కడికి పోలేదు. నా భార్య సీతమ్మ నా తాగుడు పడలేక చల్లపల్లిలో పుట్టింటికి వెళ్లిపోయింది. బాబాయి అంత దూరం నడిచి వెళ్లి మా మామగారితో, "నెల్లాళ్లు చూడండి. వీడికి పూచీ నేను" అని చెప్పి వచ్చాడు. ఇరవై రోజులు నిజంగానే ముట్టుకోలేదు. ఇరవై ఒకటో రోజున తాగాను. ఆ సాయంత్రం సావిట్లో "తాగలేదు" అన్నాను. నా మాట పట్టుకుని బాబాయి మామగారికి కబురు పంపిస్తున్నాడని తెలిసే అన్నాను.

ఆ తర్వాత దాచుకోవడానికి చోటు కావలసి వచ్చింది. ఆ చోటు నాకు చూపించింది బాబాయే. తాగే రోజుల్లో తాను ముంతను పెరట్లో గంజి కుండల వరసలో పెట్టేవాణ్ణని, పులిసిన గంజి వాసనలో కల్లు వాసన కలిసిపోయేదని, భార్య వీరమ్మ ఏడాదిపాటు కనిపెట్టలేకపోయిందని ఒక సాయంత్రం తల వంచుకుని మా ముందు చెప్పుకున్నాడు. మాకు బుద్ధి రావాలని ఆయన విప్పి చెప్పిన సిగ్గును నేను ఉపాయంగా వాడుకున్నాను. నా మగ్గం మూలపడి చాలా కాలమైంది కనుక మా ఇంట్లో గంజి కుండలు లేవు. ఆయన పెరట్లో, ఆయన కుండల మధ్యే నా ముంత పెట్టాను. కాళ్లు కడుక్కునే నెపంతో వెనక్కు వెళ్లి నాలుగు గుక్కలు తాగి వచ్చేవాణ్ణి.

యుద్ధం రోజులవి. నూలు దొరకడమే గగనం. అయినా నూలు వ్యాపారం చేసే షావుకారు నమ్మకం కొద్దీ బాబాయికి పెళ్లి చీరల కోసం ఒక పడుగు నూలు ఇచ్చాడు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగును, అంటే చీరల నిలువు దారాలను, సాగదీశాం. అటూ ఇటూ నిలబడి దారాలకు గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నాం. వీరమ్మ పిన్ని మసక చీకట్లో వరసలో ఉన్న పాత గంజి అంతా తెచ్చి కలిపింది. నా ముంతలోని కల్లుతో సహా.

పొద్దు పొడిచేసరికి పేరయ్య ముక్కు ఎగబీల్చాడు. "ఇదేంటర్రా, గంజా కల్లా?" అన్నాడు. ఎవరో నవ్వారు. అంతలో గోడల సందుల్లోంచి ఎర్రచీమలు బారులు తీరి వచ్చాయి. తీపి తగిలినట్టుంది, పడుగంతా కమ్ముకున్నాయి. తడి గంజిలో అతుక్కుని చచ్చాయి. దువ్వితే దారాలు పుటుక్కుమని తెగిపోతున్నాయి. దువ్వకపోతే గంజి గట్టిపడి ముద్ద కడుతోంది. గంటలో ఆ పడుగు ఎందుకూ పనికిరాకుండా పోయింది.

పిన్ని పెరట్లోకి వెళ్లి ముంత తెచ్చి వీధిలో అందరి ముందూ పెట్టింది. అడుగున ఇంకా తెల్లటి మడ్డి ఉంది. భర్త ముఖంలోకి చూసి, "పదేళ్ల కిందట కూడా ఇది అక్కడే ఉండేది కదయ్యా" అంది. నా చేతిలో కుంచె అలాగే ఉంది.

ఆ సాయంత్రం కూడా సావిట్లో కూర్చున్నాం. ఒక్కొక్కరే తాగలేదన్నారు. నా వంతు వచ్చింది. మర్నాడే సీతమ్మను పంపుతున్నామని చల్లపల్లి నుంచి కబురు వచ్చి ఉంది.

"నీ మాట చెప్పు రాఘవులూ."

"తాగలేదు బాబాయ్."

ఆయన చేతిలో రాట్నం ఆగింది. రోజూ కాళ్లు కడుక్కుంటానని ఆయన పెరట్లోకి వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే. నాకేసి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేను ఇంకేమైనా అంటానేమోనని ఎదురుచూశాడు, అంతే. తర్వాత, "నేనూ తాగలేదు" అన్నాడు.

"అయితే చీమలే తెచ్చుకున్నట్టున్నాయి" అని పేరయ్య లేచి వెళ్లిపోయాడు. అతని వెనకే మిగిలినవాళ్లు. నేనూ లేచాను. తన కట్టుబాటుకు తానే కట్టుబడి ఆయన నా పేరెత్తలేదు. నేను ఆ కట్టుబాటు చాటునే దాక్కున్నాను.

షావుకారు నూలు ఇవ్వడం మానేశాడు. బాబాయి వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేశాడు. సీతమ్మ వచ్చింది. "అంత పెద్దమనిషి ఇలా చేశాడేమిటండీ?" అని అడిగితే, "ఏమో" అన్నాను. ఆ రోజు తర్వాత మళ్లీ నేను కల్లు ముట్టుకోలేదు. అందుకు వీధి నన్ను మెచ్చుకుంది. ఆయన మాత్రం దీపాలు పెట్టే వేళకు ఒక్కడే గుమ్మంలో రాట్నం ముందు కూర్చునేవాడు. ఒక గంట నూలు చుట్టి, లోపలికి వినపడేలా, "ఇవాళ తాగలేదు వీరమ్మా" అనేవాడు. ఆవిడ బదులు చెప్పేది కాదు. నేను తల తిప్పుకుని వాళ్ల ఇంటి ముందు నుంచి నడిచిపోయేవాణ్ణి.

బెజవాడకు మకాం మార్చేముందు కాలవ గట్టు మీద ఎదురుపడ్డాడు. "సీతమ్మ కులాసానా?" అన్నాడు.

"కులాసాయే."

"నాకేమన్నా చెప్పాలట్రా?"

"ఏం లేదు బాబాయ్."

"సర్లే. తొందరేం లేదు" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

రెండేళ్లకు జ్వరంతో పోయాడని తెలిసింది. ఆ వారంలోనే ఊరికి బయలుదేరాను. ఇంట్లోకి వెళ్లి చాటుగా చెప్పి వస్తే సరిపోదని నాకు తెలుసు. తెల్లవారుజామున వీధిలో ఎవరిదో పడుగుకు గంజి పెడుతున్నారు. అందరూ అక్కడే ఉన్నారు. పిన్ని ఒక అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ ముందు నిలబడి, అందరికీ వినపడేలా, "ఆ ముంత నాది పిన్నీ. బాబాయి తాగలేదు. ఆయనకు తెలుసు, అయినా నా పేరు చెప్పలేదు" అన్నాను. పేరయ్య చేతిలో కుంచె జారి పడుగు మీద పడింది.

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. ఆవిడ నన్ను చూడనే లేదు. "రోజూ చెప్పాడురా," అంది నెమ్మదిగా. "రోజూ ఆ గుమ్మంలో కూర్చుని చెప్పాడు. నేనే నమ్మలా. ఒక్క రోజన్నా ఊఁ అనలా."

నా భారం దించుకుందామని వచ్చి ఆవిడ నెత్తిన ఇంకొకటి పెట్టానని అప్పుడు తెలిసింది. అరుగు కింద ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"నువ్వు నమ్మకపోవడం కూడా నేను చేసిందే పిన్నీ. అది నీ తప్పు కాదు, నాది. నన్ను క్షమించకపోయినా సరే, అది మాత్రం నువ్వు మోయకు" అన్నాను.