నాలుగు చక్రాలకు నాలుగు నిమ్మకాయలు: మస్కి దారిలో ఏడు సీట్ల బండి

ఏడు సీట్ల బండి కొనాలన్న ఆలోచన మా ఇంట్లో ఒక వాంతితో మొదలైంది. పోయిన నెల అత్తమ్మ మోకాళ్ళు చూపించడానికి ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వెళ్ళాం. కిరాయి బండి. ముందు సీట్లో అత్తమ్మ, మధ్య వరసలో మా బావ, బావ భార్య, మా ఆయన. చివరి వరసలో నేను, మా అమ్మాయి శ్రావణి, బావ కొడుకు. మక్తల్ దాటకముందే శ్రావణికి కడుపులో తిప్పింది. డ్రైవర్ బండి ఆపేలోపే అయిపోయింది. బావ కొడుకు దాన్ని నెల పొడుగునా ఏడిపించాడు. పదో తరగతి చదివే పిల్ల, సిగ్గు ఎక్కువ. "ఇంక మీతోని యాడికీ రాను" అంది. ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో దగ్గరి వాళ్ళ పెళ్ళికి కూడా రాలేదు. ఇంట్లో ఒక్కతే ఉండి, చారు కాచుకుని తింది.

నాకు మాత్రం ఆ చివరి వరస కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో చిన్న కోడలినని వెనక కూర్చున్నాను, తర్వాత అదే నా సీటైంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఏ ప్రయాణానికైనా ఒక నిమ్మకాయ సంచిలో వేసుకుని బయల్దేరేదాన్ని. ఇప్పుడు పిల్ల పెద్దదై నా పక్కకు వచ్చి చేరింది. దాని కడుపు కూడా నా కడుపే.

బావ అంటే మా ఆయన అన్న. రాయచూరు దగ్గర యరమరస్ థర్మల్ ప్లాంటులో మెకానికల్ సెక్షన్. మా ఆయనదీ అక్కడే, షిఫ్టు డ్యూటీ. ఇల్లు పక్కనే చిక్కసూగూరు. వాంతికి బావ కనిపెట్టిన కారణం ఏమిటంటే, అది కిరాయి బండి. "మనది మనకుంటే గీ పరేషానే ఉండదు" అన్నాడు. ప్లాంటులో మా ఆయన తోటివాడొకడు, మస్కికి ఇవతల కాలువ కింది క్యాంపులో తెలిసిన రైతు ఒకాయన మూడు వరసల బండి అమ్ముతున్నాడని చెప్పాడు. కారూ కాదు, జీపూ కాదు, మధ్యరకం. క్రాసోవర్ అంటారట. ధర మాకు అందేలాగే ఉంది. శ్రావణి మళ్ళీ మాతో వస్తుందా, రాదా? నేను ఆ బండిలో చూడదలుచుకున్నది అదొక్కటే. చూసి చెప్పమని నన్ను అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున ఆరింటికి బావ, అత్తమ్మ, మా ఆయన, నేను బయల్దేరాం. నేను రాయచూరులో పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఇది పత్తి సీజను, వారానికి దొరికేది ఆ ఒక్క రోజే, అదీ ఇలా పోయింది. మా ఆయన రాత్రి షిఫ్టు దిగి స్నానం చేసి, అవే ఎర్ర కళ్ళతో వచ్చాడు. అత్తమ్మ మోకాళ్ళకు తైలం రాసుకుని తయారైంది. వద్దంటే వినలేదు. తన చేత్తో కొబ్బరికాయ కొట్టకుండా బండి ఇల్లు చేరకూడదట. ఆమె సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నాలుగు నిమ్మకాయలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి ముఖం ఇంకా చూడనే లేదు.

రాయచూరు బస్టాండు దాకా ఆటో. అక్కడి నుంచి మాన్వి మీదుగా సింధనూరు బస్సు. ఈ ప్రభుత్వ బస్సుల్లో కర్ణాటక ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. ఖర్చంతా మగవాళ్ళదే కాబట్టి అన్నదమ్ములిద్దరికీ బండి అవసరం ఇంకా గట్టిగా తోచింది. సింధనూరుకు మూడు గంటలు పట్టింది. మా ఆయన మాన్వి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో చూడలేదు, నా భుజం మీద నిద్రపోయాడు. సింధనూరులో మస్కి బస్సెక్కి సగం దారిలో క్యాంపు క్రాసు దగ్గర దిగాం. అక్కడ షేర్ ఆటోలు దొరుకుతాయి, నలుగురుంటే కదులుతాయి. కాలువ గట్టు వెంట రోడ్డు, అటూ ఇటూ కోతకొచ్చిన వరి, అడుగడుగునా హంపులు. ఆటోలోనే అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

బండి యజమాని రత్నంగారు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నవాళ్ళు, అలాంటి వాళ్ళ ఊళ్ళనే ఇక్కడ క్యాంపులంటారు. కాఫీ ఇచ్చి, తాళం చెవి బావ చేతిలో పెట్టాడు. "మిమ్మల్ని పంపినవాడు మావాడేనండీ. నేను పక్కన కూర్చుంటే మీరు మనసు విప్పి మాట్లాడుకోలేరు. మస్కి దాకా తిప్పుకు రండి" అన్నాడు. భోజనం ఇక్కడేనని ఆయన భార్య కాంతంగారు పట్టుబట్టింది. ఇంకా ఏదీ తేలకముందే తినడం బాగుండదని బావ తప్పించుకున్నాడు.

బావ బండిని చూసే తీరు వేరు. బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేయించి, డాక్టర్ గుండె చూసినట్టు కళ్ళు మూసుకుని విన్నాడు. కిందికి వంగి నూనె కారుతోందేమో చూశాడు. టైర్లు గోటితో గీకాడు. చివరికి వెనక తలుపు తీసి, మడిచి ఉన్న మూడో వరస సీటును లేపి నిలబెట్టాడు. షోరూమ్‌లో తొడిగిన ప్లాస్టిక్ కవరు దాని మీద అలాగే ఉంది. "చూసినవార, ఎన్క సీటుకు కవర్ గూడ తియ్యలే. కొత్తది కొన్నట్టే" అని తమ్ముడితో అన్నాడు. అది విని నాకు సంతోషం కలగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ కూర్చోని సీటు ఎలాంటి సీటో అనుకున్నాను.

బావతో నేను నేరుగా మాట్లాడను. మాలో తమ్ముడి భార్య బావ ముందు నోరు విప్పడం తక్కువ. కోపమేం లేదు, మర్యాద. చెప్పాల్సింది అత్తమ్మకు చెప్తాను, అత్తమ్మ ఆయనకు చెప్తుంది. ఆయన నా ఎదురుగానే కూర్చుని విన్నా సరే, మళ్ళీ అత్తమ్మ నోటి నుంచి వింటేనే విన్నట్టు.

బావ స్టీరింగ్ పట్టుకున్నాడు. అత్తమ్మ ముందు కూర్చుంది. మా ఆయన మధ్య వరసలో నడుం వాల్చాడు. అతని పక్కన బోలెడు చోటుంది. అయినా నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి నడిచాయి. సీటు మడిచి, నడుం వంచి, మూడో వరసలోకి దూరి కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఇంకెవరికీ అది వింతగా తోచలేదు, నాకు ఒళ్ళు మండింది.

కానీ కూర్చున్నాను కాబట్టి చూశాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అద్దం దిగదు. ఏసీ గాలి మధ్య వరస దగ్గరే ఆగిపోతుంది. ప్లాస్టిక్ కవరు వేడెక్కి వీపుకు అంటుకుంది. కింద నుంచి ఎరువుల వాసన. వెనక చక్రం సరిగ్గా నా కిందే ఉన్నట్టు ప్రతి హంపూ ముందు వాళ్ళకు తెలియకముందే నాకు తెలుస్తోంది. హైవే ఎక్కాక ఎగరడం తగ్గింది గానీ ఊగడం తగ్గలేదు. ముందు నుంచి బావ గొంతు వినిపిస్తూనే ఉంది, క్లచ్ మెత్తగున్నదని, పికప్ బాగున్నదని. మస్కి చేరేసరికి నా కళ్ళ ముందు పచ్చని చుక్కలు.

మస్కి బస్టాండుకు దగ్గర్లో ఒక ఖానావళిలో తిన్నాం. జొన్నరొట్టె, వంకాయ పల్యం, మజ్జిగ, కడుపు నిండా పెడతారు, మనిషికి వందలోపే. నేను రొట్టె తుంచి అలాగే పట్టుకుని కూర్చున్నాను. రొట్టెలు చేసే అవ్వ చూసి "యాకవ్వా, ఉణ్ణంగిల్లేను?" అంది, తినవా అని. బండిలో వెనక కూర్చుని వచ్చానని చెప్తే, మజ్జిగలో ఉప్పు వేసి తెచ్చి పెట్టి పోయింది. మా వాళ్ళు నలభై మాటలు మాట్లాడుకున్నారు, నా రొట్టె వైపు చూసింది మాత్రం ఆమె ఒక్కతే. బావ చేతులు కడుక్కుని వచ్చి, "బండి పాస్. పోయి అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అన్నాడు.

ఇంక ఆగలేకపోయాను. అత్తమ్మ వైపు వంగి, "అత్తమ్మా, వాపస్ పోయేటప్పుడు బావను ఎన్క కూసోమను" అన్నాను.

అత్తమ్మ రొట్టె నములుతూ నావైపు చూసింది. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని చూస్తున్నాను. నిదానంగా మింగి, నీళ్ళు తాగి, "ముంగటనే ఉన్నడు గద. నీకు నోరు లేదా? నువ్వే చెప్పు" అంది.

ఆమె ఎందుకలా అందో ఈ రోజుకూ నాకు తెలియదు. మోకాళ్ళ నొప్పితో విసిగి అని ఉండొచ్చు. బావ వైపు తిరిగాను. "బావా, పొయ్యేటప్పుడు జర మీరు ఎన్క సీట్ల కూసోండ్రి. ఆయన నడుపుతడు" అన్నాను. నేను ఇంకెవరితోనో అంటున్నానేమోనని ఆయన ఒకసారి తన వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తర్వాత నడిచి వెళ్ళి బండి తలుపు తీశాడు.

భారీ మనిషి. సీటు సందులో ఒకసారి ఇరుక్కుంటే మా ఆయన తోయాల్సి వచ్చింది. నేను మధ్య వరసలో కూర్చున్నాను. హైవే మీద ఉన్నంతసేపు వెనక నుంచి "సస్పెన్షన్ మంచిగనే ఉన్నది" లాంటి మాటలు వచ్చాయి. కాలువ గట్టు ఎక్కి నాలుగైదు హంపులు దాటామో లేదో, "ఆపు, ఆపురా" అన్నాడు. ఈసారి బయటికి లాగాల్సి వచ్చింది. వరి మడి వైపు తిరిగి వంగి, తిన్న రొట్టెలన్నీ అక్కడే వదిలేశాడు. అత్తమ్మ తలుపు తీసుకుని కుంటుతూ దిగి, సంచిలో నుంచి ఒక నిమ్మకాయ తీసి, గోటితో గిల్లి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది. అది చక్రం కింద పెట్టేది కదా అని మా ఆయన అన్నాడు. "చక్రానికేం తొందర" అంది అత్తమ్మ.

బావ గట్టు మీద కూర్చుండిపోయాడు. తలెత్తి, మధ్యలో ఎవరూ లేకుండా, నన్నే అడిగాడు. "ఇన్నేండ్లు ఎట్ల కూసున్నవమ్మా?"

"గిట్లనే బావా. నిమ్మకాయ పట్టుకొని" అన్నాను.

ఆయన చేతిలోని నిమ్మకాయను చూసుకున్నాడు. "పోరి పెండ్లికి రానంటే పొగరనుకున్న" అన్నాడు.

క్యాంపుకు చేరాక బావ బేరం సంగతి ఎత్తలేదు. మీ ఇంట్లో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారని అడిగాడు. రత్నంగారు దాచలేదు. "ఎవరూ కూర్చోరండీ. కొన్న రోజే మా ఆవిడ ఓసారి కూర్చుని, ఇంకెప్పుడూ ఇందులోకి రానంది. అప్పట్నించీ మడిచేసి విత్తనాల బస్తాలూ ఎరువుల బస్తాలూ వేస్తున్నాం" అన్నాడు. కాంతంగారు గుమ్మంలో నుంచే "ఊపిరాడదమ్మా అందులో" అంది నాతో. కొన్న రోజే చెప్పిందట. నాకు ఇన్నేళ్ళు పట్టింది. మీ బండి మంచిదే గానీ మా ఏడుగురికి సరిపోదని బావ చెప్పాడు. రత్నంగారు నొచ్చుకోలేదు, మళ్ళీ కాఫీ ఇచ్చి పంపాడు.

బండిలో దర్జాగా ఇల్లు చేరాల్సిన వాళ్ళం, సింధనూరు బస్టాండులో నిలబడ్డాం. మధ్యాహ్నం రాయచూరు బస్సు కిక్కిరిసి ఉంది. ఖాళీగా ఉన్నది చివరి వరస ఒక్కటే. నలుగురం వరసగా అక్కడే కూర్చున్నాం. ప్రతి గుంతకీ నలుగురం కలిసి లేచి కలిసి పడ్డాం. మాన్వి రాకముందే అత్తమ్మ సంచి విప్పి, మిగిలిన మూడు నిమ్మకాయలూ తీసి, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకు ఇచ్చి, ఒకటి తను పట్టుకుంది. బావది బావ దగ్గరే ఉంది.

యరమరస్ చిమ్నీల మీద దీపాలు వెలిగాక ఇల్లు చేరాం. శ్రావణి గడపలో నిలబడి రోడ్డు మీదికి చూసి, "బండి ఏది?" అంది. బావ కొడుకు కూడా బయటికొచ్చాడు. ఎవరికీ జవాబు చెప్పే ఓపిక లేదు. బావ మాత్రం చెప్పులు విడవకుండానే పిల్ల దగ్గరికి వెళ్ళి, చొక్కా జేబులో నుంచి ఆ గిల్లిన నిమ్మకాయ తీసి దాని చేతిలో పెట్టాడు. కొడుకు వినేలా, "నాకు గూడ అయింది బిడ్డా" అన్నాడు.

ఇప్పటికీ మాకు బండి లేదు. ఒక ఆదివారం పోయింది, అత్తమ్మ మోకాళ్ళు ఇంకా నొస్తున్నాయి, మిల్లులో సోమవారమంతా ఆవలిస్తూనే ఉన్నాను. వచ్చే నెల అత్తమ్మను మళ్ళీ హైదరాబాద్ తీసుకుపోవాలి, ఈసారి రైల్లో అనుకుంటున్నాం. మొన్న తేదీ అనుకుంటుంటే శ్రావణి పుస్తకంలో నుంచి తలెత్తి, "ఆ రోజు నాకు పరీక్ష ఉన్నది, ఒక్క దినం ఆగుండ్రి" అంది. ఆగుతామన్నాం. పాత ఏడు సీట్ల బండి చూడబోయే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంజన్ మెకానిక్ చూస్తాడు. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళను కడుపు నిండా భోజనం పెట్టి, చివరి వరసలో కూర్చోబెట్టి, పది కిలోమీటర్లు తిప్పండి. నిమ్మకాయలు మాత్రం ముందే కొనుక్కోండి.