ఫోను ఎవరెత్తారు?

ఆ మధ్య కనకమామిడిలో ఫామ్‌హౌస్ కట్టుకున్న సిటీ ఆయనొకరు ఏదో పని మీద మా ఇంటికొచ్చారు. సామాన్ల గదిలో మూలన పడి ఉన్న మా పాత కంప్యూటర్ని చూసి, చెప్పులు విప్పేంత పని చేశారు.

"రెట్రో పీస్ సార్ ఇది! ఇప్పుడు దొరకవు. నాకిస్తారా? హాల్లో పెట్టి మీద లైట్ వేస్తా."

రెట్రో అంటే ఏమిటని అడిగాను. పాతబడి, మళ్లీ ముద్దొచ్చేదట. నేనూ పాతబడ్డాను, మా ఇంట్లో ఎవరికీ మళ్లీ ముద్దొచ్చిన దాఖలా లేదు.

ఆయన దాన్ని ప్రేమగా నిమురుతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. బీడీలు కాల్చేవాడి పళ్లలా పసుపు పట్టిన డబ్బా. కీబోర్డు బోర్లిస్తే అటుకులు, వెంట్రుకలు, చచ్చిన చీమలు రాలేవి. గోళ్ల ముక్కలు కూడా రాలేవి గానీ అవి ఎవరివో ఎవరూ ఒప్పుకోలేదు. వెనక సందుల్లో బల్లి గుడ్లు. వేడెక్కితే కాలిన దుమ్ము వాసన. మా బాపు, అంటే మా నాన్న, దాన్ని ఎప్పుడూ 'కంపూటర్' అనేవాడు. నేను సరిదిద్దలేదు. ముక్కున్నవాడెవడూ సరిదిద్దడు. సిటీ ఆయన మనసు మార్చుకునేలోగా దాన్ని నేనే మోసుకెళ్లి కారు డిక్కీలో పెట్టి, మూత వేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

ఆ డబ్బా మా ఇంటికి వచ్చిన రోజుల్లో మొయినాబాద్ చౌరస్తాలో గోడ కనిపిస్తే చాలు కంప్యూటర్ కోర్సు బోర్డు ఉండేది. చేవెళ్ల బస్సులో ఇద్దరు కూర్చుంటే మాట హైటెక్ సిటీ మీదికే పోయేది. నాకు ఆ గాలి సోకలేదు. ఇంటర్ ఎలాగోలా నెట్టుకొచ్చి, తర్వాత డిగ్రీని కూడా అలాగే తోసి, ప్రైవేటు బడిలో సోషల్ చెప్పుకునేవాణ్ణి. నాకు ఇంటర్నెట్ ఎందుకు? గాలి సోకింది నా భార్యకు. ఆలూరు పిల్ల, నాకంటే చురుకు. మెహిదీపట్నంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంది. అంటే, అమెరికా డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పింది హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తప్పు లేకుండా టైపు చేసి పంపాలి. మెహిదీపట్నం కంపెనీవాళ్లు ఆమెను ఇంటి నుంచే చేయమన్నారు. కాకపోతే దసరా దాకా పరీక్ష. ఫైళ్లు చెప్పిన వేళకు చేరితే ఉద్యోగం, ఒక్కటి ఆలస్యమైనా లేదు. బడి జీతం మీద ఇల్లు ఎలా నడుస్తుందో ఆమెకు తెలుసు. అంతకంటే, ఆ పని ఆమెకు ఇష్టం. డాక్టర్ల నోట్లో నలిగిన మాటను పట్టుకున్నప్పుడు ఆమె ముఖం చూడాలి.

ఫైళ్లు పంపాల్సింది ఫోను తీగ మీద. ఫోను మా ఇంట్లో ఉంది. కానీ అది మాది కాదు, ఎంకపల్లిలో మా గల్లీ మొత్తానిది.

మా బాపు ఏళ్ల తరబడి ఎదురుచూసి వేయించిన ఫోను అది. వచ్చిన రోజే నంబరు అందరికీ పంచాడు. పెళ్లి కార్డుల మీద, దవాఖానా చీటీల మీద, గేదెల బేరగాళ్ల సిగరెట్ పెట్టెల మీద మా నంబరే, పక్కన 'పీపీ' అని. పక్కింటివాళ్ల ఫోను అని దానర్థం. అందరికీ పక్కిల్లు మేమే. జనం ఇంట్లోకి రావడానికి మొహమాటపడుతున్నారని బాపు వరండాలో ఇంకో ఫోను పెట్టించాడు. లోపలిదీ బయటిదీ ఒకటే లైను.

మా గల్లీకి ఒక అలవాటు ఉండేది. ఆ రోజుల్లో వాన పడ్డా, ఎండ కాసినా, ఎద్దు వీపు గోక్కోవడానికి స్తంభానికి ఆనుకున్నా లైను చచ్చేది. అందుకని వరండా మీదుగా పోయే ప్రతివాడూ రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుని, కూత వినబడితే "ఉన్నది" అని తృప్తిగా పెట్టేసి పోయేవాడు. ఫోను చేయడానికి కాదు. బతికుందో లేదో చూడటానికి. జ్వరం పిల్లవాడి నుదురు ముట్టుకున్నట్టు. లోపల నా భార్య నెట్‌కు కలిపి ఉన్నప్పుడు ఎవరైనా అలా ఎత్తారా, కనెక్షన్ తెగిపోయేది. బతికుందా అని చూడటమే దాన్ని చంపేది.

ఇక నెట్ ఇచ్చేవాళ్ల సంగతి. ప్రొవైడర్ అన్న మాట చివర 'డర్', అంటే భయం, ఎందుకుందో ఉర్దూ వచ్చిన మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. నగరంలో కొన్న ప్యాక్ డబ్బా మీద చిరుతపులి బొమ్మ. వేగం అని అమ్మారు, ఇంటికి తెచ్చుకుని వేగాం. డయల్ చేస్తే మోడెం నుంచి గొంతులో చేపముల్లు ఇరుక్కున్న పిల్లిలా గరగర, కీచుమని ఒక అరుపు, ఆ తర్వాత చాలాసార్లు బిజీ. కలిస్తే మెయిల్ పేజీ పైనుంచి కిందికి చీమ దిగినట్టు దిగేది. సగం దిగాక తెగేది. ఫిర్యాదు చేద్దామంటే కంపెనీకి ఫోను చేయాలి. ఫోను చేయాలంటే నెట్ తీసేయాలి. తీసేసి చేస్తే, "సార్, ముందు నెట్‌కు కనెక్ట్ అయి చూడండి" అనేది ఆ తేనె గొంతు. ఒకసారి కోపంగా నాలుగు మాటలు అనేశాను. అప్పటికి లైను కట్టయి ఉంది. నా కోపానికి ఎప్పుడూ అంతే విలువ.

తెగినప్పుడల్లా నా భార్య వరండాలోకి వచ్చేది. అక్కడ ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు, ఎక్కువగా పక్కింటి అవ్వ.

"అవ్వా, నువ్వు ఎత్తినవా?"

"జర ఎత్తిన బిడ్డా. లోపల ఎవలో ఏడుస్తున్నరు. భయమై పెట్టేసిన."

"అది ఏడుపు కాదవ్వా, నా ఫైలు పోతున్న సప్పుడు."

"పోతుంటే ఏడ్వకుంటదా మరి?"

బాపుకు చెప్పి చూసింది. "మామా, జరసేపు ఆ ఫోను తీసి లోపల పెడుదమా?"

"గదెట్ల బిడ్డా? ఊరికి నంబరిచ్చిన. ఫోను పెట్టిచ్చింది మాట్లాడెటందుకు. నీ కంపూటర్ కూతలు పెట్టెటందుకా?"

మధ్యేమార్గం నేను కనిపెట్టాను. ఆమె నెట్‌లో ఉన్నంతసేపు వరండా ఫోను మీద తెల్ల తువ్వాల కప్పుదాం, కప్పి ఉంటే ఎవరూ ముట్టుకోకూడదు. సోషల్ మాస్టారి తెలివి. మర్నాడు తువ్వాల కప్పగానే గల్లీలో గుప్పుమంది. ఫోను పోయిందట! ముఖాలు వేలాడేసుకుని ఒక్కొక్కరే వచ్చారు. తువ్వాల తొలగించి, రిసీవర్ ఎత్తి, విని, కప్పి, బాపును ఓదార్చి పోయారు. మామూలుగా ఆ దారిన రానివాళ్లు కూడా చివరిచూపుకు వచ్చారు. ఆ రోజు ఒక్క ఫైలూ వెళ్లలేదు. ఎవరికీ తెలియకుండా నేను తువ్వాలను స్నానానికి తీసుకుపోయాను. అదృష్టం కొద్దీ అది ఇంకా లెక్కలోకి రాని అభ్యాసం పనుల రోజు కాబట్టి కంపెనీవాళ్లు ఊరుకున్నారు.

పరీక్షకు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా మొత్తం ఫైళ్లు చేరాలి. ఆమె పొద్దున నుంచి తిండి తినలేదు. బాపు అది గమనించాడు. లేచి, వరండా ఫోను వైరు పీకి, ఫోన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. "ఇయ్యాల ఎవలెత్తుతరో నేనూ చూస్త. పంపుకో బిడ్డా."

వెంటనే ఎదురింటి పూల రైతు వచ్చాడు. దసరా ముందు రోజులు. ఆయన చేలో బంతి విరగబూసి ఉంది. మధ్యాహ్నం లోడు పంపాలా వద్దా అని నగరం పూల మార్కెట్ నుంచి కమీషన్ ఏజెంట్ మా నంబరుకే ఫోను చేస్తాడు.

"పెద్దబాపు, ఏజెంట్ చేస్తనన్నడు. ఫోను నీ ఒళ్లకెందుకొచ్చింది?"

"ఇయ్యాల ఇది పండుకున్నది. కోడలికి పరీక్ష ఉన్నది."

"నా పూలకు గూడ పరీక్షే గద! పొద్దుమూకితె వాడుతయ్."

"కూసో. అయిపోయినంక మాట్లాడుదువు."

ఆయన కూర్చున్నాడు. అవ్వ కూడా వచ్చి కూర్చుంది, ఏదైనా జరిగితే ఈసారి తనది కాదని అందరికీ తెలియాలని. లోపల మోడెం గరగరలాడింది, కీచుమంది, కలిసింది. పేజీ దిగింది. ఆమె మొదటి ఫైలు తగిలించింది. తెర మీద గీత నిండుతూ, నిండుతూ, మూడొంతులు నిండింది.

తెగిపోయింది.

ఆమె వరండాలోకి ఒక్క ఉరుకున వచ్చింది, హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. "ఎవరెత్తిండ్రు?"

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఫోను బాపు ఒళ్లో ఉంది. దాని తోక వేరుగా నేల మీద పడి ఉంది.

"చెప్పు బిడ్డా," అన్నాడు బాపు మెల్లగా. "ఇప్పుడెవలెత్తిండ్రు?"

మళ్లీ కలిపింది. మళ్లీ తెగింది. ఇంకోసారి కలిస్తే పేజీ సగం దిగి ఆగింది. ఎవరూ ఏదీ ఎత్తలేదు. ఇన్ని నెలలు మేము అవ్వను, వరండా మీదుగా పోయే పాలాయన్ను, ఊరంతటినీ తిట్టుకున్నాం. అటు చిరుతపులి మాత్రం ఎవరూ వేలెత్తి చూపకుండా హాయిగా నిద్రపోతోంది. నాకు ఒళ్లంతా జుగుప్స పుట్టింది. ఆ తేనె గొంతు మీద, ఆ పసుపు డబ్బా మీద, దాన్ని నమ్మి ఓ అవ్వను దోషిని చేసిన మా చదువుల మీద.

"నేన్నిజంగ జరంత జరంతనే ఎత్తేదాన్ని," అంది అవ్వ. ఆమె గొంతులో గెలుపు ఉంది, పోనీలే అన్న జాలి కూడా ఉంది.

నా భార్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ గడియారం చూసింది, పూల రైతును చూసింది. "అన్నా, లోడు పంపుతున్నవా?"

"ఏజెంట్ ఫోను రాకపాయె. అడుగుడేంది ఇగ? కోసి పెట్టిన, పంపుతనే."

"ఆటోల నాకు జాగుంటదా?"

"మీద కూసుంటనంటే ఉన్నది. కింద కూసుంటే బంతి నలుగుతది."

ఆమె లోపలికి వెళ్లి ఫైళ్లన్నీ ఫ్లాపీల మీదికి ఎక్కించింది. ఆ చదరపు ప్లాస్టిక్ బిళ్లలకూ మాటనిలకడ లేదని తెలుసు కాబట్టి, ఒక్కోటి రెండేసి చేసింది. నా టిఫిన్ డబ్బాలోంచి అన్నం తీసి గిన్నెలో పెట్టి, కడిగి తుడిచి, ఫ్లాపీలు అందులో సర్దింది. "దుమ్ము పడకుంట," అంది. ట్రాలీ ఆటోలో బంతిపూల గోనెల మీద కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని మొయినాబాద్ వైపు వెళ్లిపోయింది. నేనూ వస్తానన్నాను. బరువెక్కువైతదన్నాడు డ్రైవరు. ఆయన చూపు నా పొట్ట మీద ఆగింది.

సాయంత్రం దాకా మేము మెట్ల మీదే కూర్చున్నాం. బాపు వైరు పెట్టి, రిసీవర్ ఎత్తి, విని, పెట్టాడు. కాసేపటికి మళ్లీ ఎత్తి విన్నాడు. మూడోసారి నేను ఎత్తాను.

దీపాల వేళకు ఆమె బస్సు దిగి వచ్చింది. జడలో, చీర కుచ్చిళ్లలో బంతి రేకులు.

బాపు లేచి నిలబడ్డాడు. "చేరినయా బిడ్డా?"

"చేరినయ్ మామా. ఆఫీసు మూసేలోపలనే ఇచ్చిన. ఒక బిళ్ల చదవలే, దాని జోడుది చదివింది. పని ఖాయం అన్నరు."

"మరి ఇగ రోజూ గీ లొల్లేనా?"

"ఇంటి నుంచే చెయ్యుమన్నరు. నేన్చెయ్యనన్న. ఆడనే ఒక కుర్చీ అడిగిన. పొద్దుగాల పూల ఆటోల పోత, మాపటికి బస్సుల వస్త."

బాపు నా వైపు తిరిగాడు. నేను తల ఊపాను; ఊపకపోయినా ఆమె వెళ్లేదే. అప్పుడే వరండా ఫోను మోగింది. కమీషన్ ఏజెంట్. మధ్యాహ్నం దాకా చేస్తే ఎంగేజే వచ్చిందట, లోడు ముందే చేరిందట, మంచి ధర పలికిందట. పూల రైతును పిలవడానికి అవ్వ చీర చెంగు బొడ్లో దోపుకుని గల్లీలోకి పరుగెత్తింది.