ప్రార్థన కోసం తెరిచిన పోర్టు

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే నాకు భయం వేయదు, నిద్ర వస్తుంది. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. దేవుణ్ణి నమ్ముతాం, ఆదివారం గుడికి వెళ్తాం, మిగతావాటికి మా ఇంట్లో చోటు లేదు. పైగా నా ఉద్యోగం కంప్యూటర్ నెట్‌వర్కులు చూసుకోవడం. ఏది జరిగినా దానికో కారణం ఉంటుందనీ, చాలాసార్లు అది వదులైన వైరేననీ ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి.

రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రికి నేను నెట్‌వర్క్ ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, డాక్టరు గారి గదిలో టీవీ రాకపోయినా నన్నే పిలుస్తారు. వర్షాకాలం చివర్లో, ఎక్కడో ఒక ఆసుపత్రి కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి రోగుల వివరాలన్నిటికీ తాళాలు వేశారని వార్త వచ్చింది. మా సూపరింటెండెంట్ గారు కంగారుపడి, మన ఫైర్‌వాల్‌లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసి, అక్కర్లేనివి మూసేయమన్నారు.

ఫైర్‌వాల్ అంటే ఇంటర్నెట్ లోపలికి వచ్చే చోట పెట్టే కాపలా పెట్టె. పోర్టులు దానికున్న తలుపులు. వేలల్లో ఉంటాయి. లోపల కూర్చుని చూస్తే లోపాలు కనబడవు. అందుకని గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చుని, ల్యాప్‌టాప్‌ని నా ఫోన్ నెట్‌కి కలిపి, బయటివాడిలా ఒక్కో తలుపూ తట్టి చూడాలి. విసుగు పని. ఆ రోజు రెండు తెరిచి ఉన్నాయి. ఒకటి మా వెబ్‌సైట్‌ది. రెండోది ఎందుకుందో అర్థం కాలేదు.

ఆరా తీస్తే తేలింది, అది ప్రార్థన కోసమట.

మా ఆసుపత్రిలో పొద్దున నర్సుల డ్యూటీ మారే వేళకి వార్డుల్లో స్పీకర్ల నుంచి ప్రార్థన వినిపిస్తుంది. చేసేది సలోమి గారని, ఇక్కడే హెడ్ నర్సుగా రిటైరైన పెద్దావిడ. తుంటి విరిగి మంచాన పడ్డాక నిడదవోలులో మేనకోడలి దగ్గర ఉంటున్నారు. ఆవిడ గొంతు లేకపోతే వార్డులు బోసిపోయాయని, నాకు ముందు పనిచేసినతను ఆవిడ ఫోన్ నుంచి నేరుగా మా స్పీకర్లకి దారి పెట్టాడు. పాస్‌వర్డ్ కూడా లేదు, పెద్దావిడకి గుర్తుండదని. ప్రార్థన కోసం ఫైర్‌వాల్‌కి చిల్లు పెట్టడం మా వాళ్లకి తప్ప ఎవరికీ తోచదు.

శనివారం దాన్ని మూసేశాను. వేరే ఏర్పాటు చేసేదాకా ప్రార్థన ఉండదని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. "సరే బాబూ, మీ ఇబ్బందులు మీకుంటాయి కదండీ" అన్నారు.

గొడవంతా మా అమ్మ దగ్గర వచ్చింది. అప్పటికి వారంగా అమ్మ ఆడవాళ్ల వార్డులోనే ఉంది. కడుపులో గడ్డ, సోమవారం ఆపరేషన్. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు ముందే చెప్పారు. మా పెద్దమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోయింది కాబట్టి అమ్మకి ఆపరేషన్ థియేటరంటేనే వణుకు. వారం రోజులుగా ఆవిడ ధైర్యమంతా సలోమి గారి గొంతే. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. ఆదివారం స్పీకర్ పలకకపోయేసరికి నన్ను అడిగింది, చెప్పాను.

"నా ఆపరేషన్ అయ్యేదాకా ఆగలేకపోయావా నాన్నా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఒక్క పూటకి తెరుస్తానని సూపరింటెండెంట్ గారిని అడిగాను. కుదరదన్నారు. ఆయన మాటా న్యాయమే. సరే, సోమవారం పొద్దున నా ఫోన్ నుంచే సలోమి గారికి కలిపి అమ్మ చెవి దగ్గర పెడదామనుకున్నాను. రాత్రంతా గాలివాన. పొద్దున ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఫోన్ స్విచాఫ్ అనే వచ్చింది.

స్ట్రెచర్ వచ్చేసింది. అమ్మ చేతులు చల్లబడి ఉన్నాయి. నర్సు జడ అల్లుతుంటే కూడా వణుకుతోంది. నేనేమో వార్డు వరండాలో, ఫోన్ నెట్‌కి కలిపిన ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉన్నాను, పోర్టులు మూశామని రుజువు ఆ పొద్దునే పంపమని సూపరింటెండెంట్ గారు కూర్చున్నారు కాబట్టి. తల్లిని థియేటర్‌కి తీసుకెళ్తుంటే కొడుకు చేసే పనేనా అని నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తనిఖీ మొదలుపెట్టాను.

అప్పుడు స్పీకర్ గరగరమంది.

అదే గొంతు. అదే బొంగురు, మధ్యలో అదే దగ్గు. వార్డులో అలవాటుగా అందరూ తలలు వంచారు. జడ అల్లే నర్సు కూడా చేతులు ఆపింది. "తండ్రీ, సన్నాయికి భయం తీసెయ్యి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు" అంది ఆ గొంతు. ఇంకా ఏవో మామూలు మాటలు, ఆమెన్.

గొంతు ఆగకముందే నా తనిఖీ పూర్తయింది. వెబ్‌సైట్‌ది ఒక్కటే తెరిచి ఉంది. ప్రార్థన పోర్టు మూసే ఉంది. ఫైర్‌వాల్ లోపలి రికార్డు తీసి చూశాను. బయటి నుంచి స్పీకర్లకి ఏదీ రాలేదు. ఆ స్పీకర్లకి ఆసుపత్రిలో వేరే మైకు లేదు, పాత మాటలు దాచుకునే ఏర్పాటూ లేదు. తర్వాత విప్పి కూడా చూశాను.

అమ్మ స్ట్రెచర్ మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆ చెయ్యి వెచ్చగా ఉంది. "ఆ పేరు ఆవిడకి నువ్వు చెప్పావా?" అంది. ఏ పేరని అడిగాను. చిన్నప్పుడు సన్నగా ఏడ్చేదని వాళ్ల నాన్న తనని సన్నాయి అని పిలిచేవాడట. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. నలభై దాటిన కొడుకుని, ఆ పేరు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను.

అమ్మ నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. తిరిగి రాలేదు. మధ్యాహ్నం డాక్టరు గారు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

సమాధి కార్యక్రమాలయ్యాక ప్యాసింజర్ బండెక్కి నిడదవోలు వెళ్లాను. సలోమి గారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. గాలివానకి ఆ సోమవారమంతా కరెంటు లేదనీ, ఫోన్ అంతకు ముందు రాత్రే ఆగిపోయిందనీ మేనకోడలు చెప్పింది.

"అలవాటు పోదు కదా బాబూ. ఆ వేళకి ఇక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను" అన్నారు ఆవిడ.

సన్నాయి ఎవరని అడిగాను. "పేరేదో నోటికొచ్చిందండి. ఎవరో నాకు తెలీదు" అన్నారు. అది మా అమ్మ పేరని, వార్డులో మేమందరం విన్నామని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మీ అమ్మగారు భయపడలేదు కదా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. కానీ అంతకు ముందు వారమంతా లోపల దాచుకున్న కోపం ఒకటుంది, అది ఆ పెద్దావిడ మీదే కక్కేశాను. "తీసుకెళ్లమని అడిగారు కదండీ. మళ్లీ తీసుకురమ్మని ఒక్క మాట అడగలేకపోయారా?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు.

"మొదట అడిగింది అదే బాబూ. చాలాసేపు అడిగాను. మీకు వినబడలేదా?"

తర్వాత అమ్మకి జడ అల్లిన నర్సుని అడిగాను. ఆ రోజు వార్డులో ఉన్న రోగుల్లో దొరికినవాళ్లందర్నీ అడిగాను. ఆ మాట ఎవరూ వినలేదు. మూసిన పోర్టులోంచి గొంతు ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. వచ్చిన గొంతులో ఆ ఒక్క మాట ఎక్కడ ఆగిపోయిందో అసలే తెలియదు.