కండువాకు ఎముక

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డిలో రిగ్గింగ్ అంటే ఒకటే అర్థం: ఎన్నికలప్పుడు ఒకరి ఓటు ఇంకొకరు వేయడం. అందుకే ఇంటర్ అయ్యాక కామారెడ్డికి పోయి కంప్యూటర్ బొమ్మలకు రిగ్గింగ్ చేయడం నేర్చుకుంటున్నానని చెబితే, బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏ పార్టీ తరఫున బిడ్డా?" అని అడిగింది. నేను ఓపికగా వివరించాను. బొమ్మ లోపల ఎముకలు అమర్చాలి, ఏ ఎముక కదిలితే ఒంట్లో ఏ భాగం దాని వెంట కదలాలో చెప్పాలి, అప్పుడే బొమ్మ నడుస్తుంది, చెయ్యెత్తుతుంది అని. అవ్వ అంతా విని, "మంచిగనే ఉన్నది గని, సర్కారు నౌకరి వస్తదా?" అంది. రాదన్నాను. తర్వాత కామారెడ్డి దాకా ఆమె నాతో మాట్లాడలేదు. ఇంట్లో మా అమ్మది ఇంకో బాధ. బీడీల చాట ముందు కూర్చుని, "పొద్దంత ఎముకలు, ఎముకలు అంటవు. నలుగురిల గా మాట అనకే, ఏమనుకుంటరు" అనేది. (దవాఖానాలో పని అని అందరికీ చెప్పుకుందని తర్వాత తెలిసింది.)

కోర్సు అయిపోగానే కామారెడ్డిలోనే పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక చిన్న దుకాణంలో చేరాను. యజమానిని అందరూ మిక్సింగన్న అనేవారు. పెళ్ళికూతురిని చందమామలో కూర్చోబెట్టడం, పెళ్ళికొడుకు మీద గులాబీలు కురిపించడం అప్పటిదాకా అక్కడి విద్య. నేను రాగానే బోర్డు మీద 'త్రీడీ యానిమేషన్ చేయబడును' అని ఎర్రరంగుతో రాయించాడు. తగాదా సాఫ్ట్‌వేర్ దగ్గర వచ్చింది. కోర్సులో మా సారు మాకు రెండింటి గురించి చెప్పాడు. ఒకటి పెద్ద స్టూడియోలు వాడేది. దాన్ని కొనడం మా వల్ల కాదు, కొద్దిరోజులు వాడి చూసుకోమని ఇచ్చే ట్రయల్ మాత్రం దొరుకుతుంది. రెండోది పూర్తిగా ఉచితం, ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన డీవీడీలో ఉంది. మన పాత కంప్యూటర్ పెద్దదాని బరువు మోయలేదు, ఉచితంగా వచ్చిందే వాడదాం అన్నాను. మిక్సింగన్న ముఖం చిట్లించాడు. "ఫుకట్ల దొరికేదాంట్ల ఏముంటది చెల్లె? గిరాకి వచ్చి దేంట్ల చేస్తరు అని అడిగితే, గట్టిగ పేరు చెప్పేటట్టు ఉండాలె." (నేనున్నన్నాళ్ళూ ఆ మాట అడిగిన గిరాకీ ఒక్కరూ రాలేదు.) పెద్దదే ఎక్కించాం. ట్రయల్ గడువు దగ్గర పడినప్పుడల్లా ఆయన కంప్యూటర్‌లో తేదీని వెనక్కి జరిపేవాడు. బయట మాఘమాసం వచ్చి ఊరంతా బాజాలు మోగుతున్నా, మా కంప్యూటర్ లోపల ఎప్పుడూ ఆషాఢమే.

అలాంటి రోజుల్లో దుకాణానికి మా ఎల్లారెడ్డి నుంచి ట్రాక్టరన్న వచ్చాడు. సొంత ట్రాక్టరు నడుపుకుంటాడు, మాకు దూరపు చుట్టం, నాకు అన్న వరస. వాళ్ళ బాపు, అంటే నాకు పెద్దబాపు, ఏడాది కిందటే గుండెనొప్పితో పోయాడు. ఇప్పుడు చెల్లె పెళ్ళయింది, ఆ వీడియో మా దగ్గరికే వచ్చింది. ట్రాక్టరన్న కుర్చీ అంచు మీద కూర్చుని చాలాసేపు చేతులు నలుపుకొని చెప్పాడు. "పెండ్లిల అందరున్నరు, బాపొక్కడే లేడు. ఫోటో పెట్టి పువ్వులు తిప్పుడు గాదు చెల్లె. బాపు నడిచి రావాలె. బిడ్డ తల మీద నాలుగు అక్షింతలు ఎయ్యాలె. చేస్తవా?" నేను నోరు తెరిచేలోపే మిక్సింగన్న, "మా చెల్లె చేస్తది" అన్నాడు. పిల్లను అత్తగారింటి నుంచి పిలిచి ఒడిలో బియ్యం పోసే వడిబియ్యం నాటికి కావాలట. చుట్టాలందరి ముందు టీవీలో వేసి వాళ్ళ అమ్మకు చూపిస్తాడట. "అమ్మకు మాత్రం చెప్పకు. బాపు పోయినకాంచి నవ్వుడే మరిచింది. పెండ్లిల గూడ గట్లనే ఉన్నది" అని లేచాడు. అప్పటిదాకా నేను ఎముకలు వేసింది కోర్సులో ఇచ్చిన ఒక రోబోకి మాత్రమే.

నాకు దొరికిన ఆధారం ఒక్క ఫోటో. ట్రాక్టరు కొన్న రోజు దాని పక్కన తెల్ల ధోతి, అంగీ, భుజం మీద కండువాతో, రెండు చేతులూ కిందికి వదిలి పెద్దబాపు నిలబడ్డాడు. అలాగే బొమ్మ చేశాను. ముఖం బాగా కుదిరిందని నాకు నేనే మురిసిపోయి ఎముకలు వేసి, అక్షింతలు వేసే చెయ్యి పైకెత్తాను. చేతితో పాటు ధోతి కూడా పైకి లేచింది. వేళ్ళకు తగులుతున్న గుడ్డంతా చేతిదేనని కంప్యూటర్ అనుకుంది. సరిగ్గా అప్పుడే టీ పట్టుకొని వచ్చిన మిక్సింగన్న గ్లాసులు కింద పెట్టి, ముందు పోయి తలుపు మూసి వచ్చాడు. "చెల్లె, పెద్దమనిషి... గిదేంది?" అన్నాడు, గొంతు తగ్గించి.

సారుకు ఫోన్ చేస్తే నవ్వి, బొమ్మను మొదట చేతులు రెండు పక్కలకూ చాపి నిలబెట్టి చేయాలన్నాడు. చేతులు చాపితే భుజం ఎలా ఉంటుందో చూసుకోవడానికి మనిషి కావాలి. బాపు ఒడ్డూ పొడుగూ కొడుకుదే కదా అని ట్రాక్టరన్నను పిలిచాను. దుకాణంలో చోటు చాలక, ఎండలో రోడ్డు వారన నిలబెట్టి, "చేతులు గిట్ల సాపు అన్నా, కదలకు" అని నలువైపుల నుంచీ ఫోటోలు తీస్తున్నాను. ఎదురు దుకాణం దర్జీ, తన గిరాకీని ఎవరో కొలతలకు పట్టుకుపోయారనుకొని బయటికి వచ్చి చూశాడు. ఇంతలో ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. రెండు చేతులూ చాపి నిలబడ్డ మనిషిని చూసి, పాపం ఎంత అవసరమో అనుకొని డ్రైవరు బస్సు ఆపాడు. కండక్టరు తల బయటికి పెట్టి, "ఎక్కుతవా లేదా?" అని అరిచాడు. ట్రాక్టరన్న చేతులు దించకుండానే, "లేదన్నా, బాపు కోసం నిలబడ్డ" అన్నాడు. బస్సు ఇంకో నిమిషం ఆగింది, ఆ బాపు వచ్చి ఎక్కుతాడేమోనని.

బొమ్మ మళ్ళీ చేశాను. ఈసారి చెయ్యి లేస్తే చెయ్యే లేచింది. ఆ సంతోషం నిలవలేదు. వడిబియ్యం దగ్గర పడ్డాక ఒక పొద్దున సాఫ్ట్‌వేర్ తెరిస్తే, గడువు ముగిసిందంటూ తలుపు వేసేసుకుంది. మిక్సింగన్న తేదీని ఒక నెల వెనక్కి జరిపాడు, ఏడాది జరిపాడు, చివరికి ఆ కంప్యూటర్ తయారు కాకముందటి తేదీ కూడా పెట్టి చూశాడు. అది కరగలేదు. పెద్దబాపు ఎముకలతో సహా లోపల చిక్కుకుపోయాడు. అదృష్టం కొద్దీ ఒంటిని మాత్రం వేరే ఫైలుగా దాచి ఉంచాను. "అన్నా, ఇగ నేను చెప్పేది ఇను" అన్నాను. ఆయన పత్రిక డీవీడీ తీసి నా చేతిలో పెట్టాడు.

ఉచితంగా వచ్చింది మంచిదే గాని, దాని పద్ధతి వేరు. అందరూ మౌస్ ఎడమ బటన్‌తో చేసే పనిని అందులో కుడి బటన్‌తో చేయాలి. సగం రోజు నేను పట్టుకుందామనుకున్నది ఒకటి, పట్టుకున్నది ఒకటి. పెద్దబాపు మోకాలు వంచబోతే మెడ తిరిగేది. ఏ ఎముకకు ఒళ్ళు ఎంత కట్టుబడి ఉందో చూపించే ఎరుపు, నీలం రంగుల్లో ఆయన మెరిసిపోతుంటే మిక్సింగన్న వచ్చి, "జరమొచ్చినట్టున్నది గదనే" అనేవాడు. కరెంటు పోతే ఇద్దరం బయట అరుగు మీద కూర్చుని దాని రాక కోసం చూసేవాళ్ళం. మొత్తానికి చివరి సీను బయటికి వచ్చేసరికి వడిబియ్యం పొద్దు రానే వచ్చింది. మొదటినుంచి ఒకసారి చూసుకునే తీరిక లేదు. డీవీడీ చేసుకొని, ఉన్న బట్టలతోనే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

భోజనాలయ్యాక టీవీ ముందు చాపలు పరిచారు. పెద్దమ్మ, అంటే ట్రాక్టరన్న వాళ్ళ అమ్మ, వంటింటి గడప దగ్గర గోడకు ఆనుకొని కూర్చుంది. మా అమ్మ కూడా వచ్చింది, దవాఖానా సంగతి బయటపడుతుందేమోనని నా వైపు చూడకుండా కూర్చుంది. తలంబ్రాలు అయ్యాయి. మంటపం పక్కనుంచి పెద్దబాపు కనిపించాడు. ఎవరో "వాయ్యో" అన్నారు. పెళ్ళికూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. మనిషి ముందుకు వచ్చాడు, కండువా రాలేదు. తొందరలో ఒంటికంతా ఎముకలు కట్టాను గాని, విడి ముక్కగా చేసిన కండువాను ఏ ఎముకకూ కట్టలేదు. అది ఆయన మొదట నిలబడ్డ చోటే, భుజం ఎత్తున, గాలిలో వేలాడుతోంది. పెద్దబాపు దాని సంగతి పట్టించుకోకుండా వచ్చి, బిడ్డ తల మీద ఎంతో నిదానంగా అక్షింతలు వేశాడు. ట్రాక్టరన్న నా వైపు చూశాడు. నేను చాప వైపు చూశాను.

గడప దగ్గర నుంచి ఏదో చప్పుడు వినిపించింది. ఏడుస్తోందనుకున్నాం. పెద్దమ్మ నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ టీవీ వైపు చెయ్యి చూపించి, "సూడుండ్రి, సూడుండ్రి! ఎన్నడన్న మీదుంచుకున్నడా కండువ? పొలం కాడ ఇడిశిపెట్టె, హోటల్ల ఇడిశిపెట్టె, ఆఖరికి బిడ్డ పెండ్లిల గూడ ఇడిశిపెట్టె!" అంది. ఆ మాటతో ఒకరు, "మా ఇంట్ల మర్శిపోతే నేనే తెచ్చిస్తినమ్మా" అన్నారు. ఇంకొకరు అంగడి సంగతి ఎత్తుకున్నారు. ఆ మధ్యాహ్నం అందరూ ఆయన గురించే మాట్లాడారు, ఏడుస్తూ నవ్వుతూ. డీవీడీ మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. సర్దుకొని బయల్దేరేటప్పుడు, "పెద్దమ్మా, గది తప్పు పడ్డది. సరి చేసి తెస్త" అన్నాను. వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, "తే బిడ్డా. ఇన్నేండ్లు నేనే ఎతికి తెచ్చిచ్చిన. ఇప్పుడు నువ్వు తెచ్చియ్యి" అంది.

ఆ కండువాకు ఎముక కట్టినంత శ్రద్ధగా తర్వాత ఏ బొమ్మకూ కట్టలేదేమో. ఆ వీడియో ఆ ఇంటా ఈ ఇంటా తిరిగింది. కొన్నాళ్ళకు నస్రుల్లాబాద్ నుంచి ఒక రైతు మా దుకాణానికి వచ్చాడు. కొత్తిల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం వీడియో తెచ్చాడు. "గీ ఇల్లు లేచింది మా ఎద్దు కష్టం మీద బిడ్డా. ఇల్లు సూడకుండనే సచ్చిపోయింది. ఆవు లోపలికి పోతది గద, దాని ఎనుక మా ఎద్దు గూడ నడవాలె. అయితదా?" అన్నాడు. నాలుగు కాళ్ళ జీవికి ఎముకలు ఎలా వేస్తారో నాకు అక్షరం ముక్క తెలియదు. మిక్సింగన్న కూడా ఈసారి నా బదులు మాట్లాడడానికి జంకి గోడ వైపు చూశాడు. నేను మాత్రం, "అయితది పెద్దయ్యా" అన్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో నేను పనిచేసే చోట, నాలుగు కాళ్ళ జంతువు అంటే వారం పాటు మీటింగులు పెట్టుకుంటాం. ఏ సాఫ్ట్‌వేర్, ఎంతమంది, ఎన్నాళ్ళు అని తేల్చుకున్నాక కూడా 'చూద్దాం' అనే అంటాను. అప్పుడప్పుడు, ఆ రైతుకు మాటిచ్చిన సాయంత్రం కామారెడ్డి నుంచి ఇంటికి పోతున్న బస్సులోని అమ్మాయి గుర్తొస్తుంది. కిటికీకి ముఖం ఆనించి, దారి పొడుగునా పొలాల నుంచి ఇళ్ళకు తిరిగి పోతున్న ప్రతి ఎద్దునూ కన్నార్పకుండా చూస్తోంది, వెనక కాలు ఎటు వంగుతుందో తేల్చుకోవాలని. ఆ జవాబు నాకిప్పుడు తెలుసు. అయినా ఆ అమ్మాయికి చెప్పాలనిపించదు. ఎంత సంబరంగా చూస్తోందో, చూడనీ.