రాజుకు పెళ్లయిన వాక్యం

మా తెలుగు సారు మొన్న ఆదివారం పొద్దున పోయారు. రామన్నపేట నుంచి బాపు ఫోన్ చేసి, "బిడ్డా, మీ సారు పోయిండు. అల్లున్ని తీస్కొని జల్ది రా" అని పెట్టేశాడు. బాపు నోట అల్లుడు అన్న మాట వింటున్నానంటే అది సారు పుణ్యమే. అందుకే ఈ నాలుగు మాటలు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేం పదో తరగతి. వ్యాకరణం అంటే అందరికీ నిద్ర. సారు బోర్డు మీద "రాజు ఇంటికి వచ్చాడు" అని రాసి, "ఇది సామాన్య వాక్యం. రాజుకు ఇంకా పెళ్లి కాలే" అన్నారు. తరువాత పెళ్లి చేశారు. "రాజు ఇంటికి వచ్చి, సంచి దించి, కొత్తిమీర మరిచిన సంగతి ఒప్పుకొని, మళ్లీ అంగడికి పోయి, తెచ్చి, తిట్లు తిని, గమ్మున పడుకున్నాడు." బోర్డు చాలక చివరి మాట గోడ మీదికి పోయింది. "ఇది సంశ్లిష్ట వాక్యం. ఇగ జిందగీ అంత గిట్లనే సాగుతది" అన్నారు. పరీక్షలో ఆ ప్రశ్న మేమెవరం తప్పలేదు.

ఇంట్లో మాత్రం ఆయన కూర ఎలా ఉందంటే "బాగుంది" అని ఊరుకునేవారు. "పొడుగు వాక్యాలన్నీ బడిల పంచి వస్తడు, నాకు మిగిలేది గిదొక్కటే" అని సారు భార్య, మా మేడం, మాతో చెప్పి నవ్వేది.

చదువులయ్యాక, ఆ తరగతిలోనే చదివిన అబ్బాయిని చేసుకుంటానన్నాను. మాది చర్చికి పోయే ఇల్లు, వాళ్లది గొర్ల మందలున్న ఇల్లు. బాపు ఇళ్లు కట్టే మేస్త్రీ. కోపం వస్తే మాట మానేస్తాడు. నెల దాటినా నాతో మాట్లాడలేదు. బాపును కాదని ఈ పెళ్లి చేసుకోలేను, ఇంకొకరినీ చేసుకోలేనని సారు ముందు ఏడ్చాను.

మరునాడే సారు మా ఇంటికి వచ్చారు. బాపు కుర్చీ వేసి సూటిగా అడిగాడు.

"పెళ్లయితే మనిషికి గంత పొడుగు తిప్పలని మీరే చెప్పిండ్రంట గద సారూ. మరి నా బిడ్డకెందుకు?"

సొంత హాస్యం ఎదురు తిరిగేసరికి సారు కుర్చీలో కాస్త సర్దుకున్నారు. తరువాత, "ఇంకో తీరు వాక్యం సుత ఉన్నది మేస్త్రీ. సంయుక్తం. అండ్ల ఇద్దరు సమానం" అన్నారు.

"నాకు గా వ్యాకరణం ఎర్కలేదు. పిలగాడు మంచోడేనా, గది చెప్పుండ్రి."

"మంచోడే. క్లాసుల చూసిన. నీ బిడ్డ మాట్లాడుతుంటే అయిపోయేదాక ఆగేది వాడొక్కడే. మిగతా అందరం మధ్యల అందుకునేటోళ్లమే, నాతోని సహా."

బాపు నా వైపు తిరిగి, "నువ్వేమంటవు బిడ్డా?" అన్నాడు. నేను చెప్తూ పోయాను. బాపు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

మా కాపురంలో అలకలు లేవని కాదు. కానీ నేను చెప్పేది పూర్తిగా వినే మనిషితో బతుకుతున్నాను. ఆ మనిషిని నాకు దక్కించినందుకు సారుకు ఎంత చెప్పుకున్నా తక్కువే.

ఆదివారం పాడె ఎత్తేటప్పుడు మేడం బాపును పిలిచి, "అన్నా, నువ్వు సుత ఒక దిక్కు పట్టు" అంది. ముందు ఒక పక్క బాపు, ఇంకో పక్క మా ఆయన. బాపు పొట్టి, ఈయన పొడుగు. పాడె ఒరిగింది. మా ఆయన ఏమీ అనకుండా మోకాళ్లు కాస్త వంచి, బాపు భుజం ఎత్తుకు దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా అలా వంగే నడుస్తూ కనిపించాడు.